ఐదో పొర

గోమాలో కరువు సుద్దముక్కలకే,
అవకాడోలకు కాదు.
అందుకే ఆ పొద్దున
భూమిని సంతలో బేరమాడి కొన్నాను.
ఒక పక్క మెత్తబడిందని సగం ధరకే ఇచ్చింది.

నలభై ఆరుమంది పిల్లల ముందు
కత్తితో నిలువునా కోశాను.
ఈ తొక్క మనం నడిచే నేల.
ఈ గుజ్జు మాంటిల్, అదీ రాయే,
కాకపోతే గోళ్ళు పెరిగినంత నిదానంగా కదిలే రాయి.
ఈ గింజ కోర్. ఇనుము. ఎవరూ చూడలేదు.

"చూడకుండా ఎలా తెలిసింది?"
వెనక బెంచీ నుంచి ముషగలుషా.
భూకంపం వచ్చినప్పుడల్లా చెవి పెట్టి విన్నారు,
పుచ్చకాయను తట్టి చూసినట్టు, అన్నాను.
వాడు లేచి వచ్చి అవకాడోను తట్టాడు.
ఏమీ వినపడలేదన్నాడు.
నాకూ వినపడదు, ఒప్పుకున్నాను.

తర్వాతి పాఠం ప్రకృతి వైపరీత్యాలు.
దానికి పుస్తకం తెరవక్కర్లేదు.
కిటికీలో న్యీరగోంగో ఉంది.
రాత్రిళ్ళు దాని నెత్తిమీది ఆకాశం
పొయ్యి ఊదేవాళ్ళ ముఖంలా ఎర్రబడుతుంది.
కూడలిలో పసుపు జెండా, జాగ్రత్త అని.
ఎన్నేళ్ళుగా జాగ్రత్త అందో, ఎండకు వెలిసి
ఇప్పుడు ఏ రంగని అడిగితే చెప్పలేం.

మజూకు గురించి నాకు పిల్లలే చెప్పారు.
పల్లాల్లో తెల్లవారుజామున నిలిచే చెడ్డగాలి.
పుస్తకంలో దాని పేరు బొగ్గుపులుసు వాయువు.
మేక పడుకున్నట్టే ఉంటుంది, లేవదు.
నిలబడ్డ మనిషికి ఏమీ కాదు,
వంగి చెప్పు పట్టీ బిగించుకున్నాడా, అంతే.
"అందుకే అక్కడ తమ్ముణ్ణి భుజమ్మీదే మోస్తాను"
అంది న్సిమిరె, తొమ్మిదేళ్ళది,
ముక్కు ఎగబీలుస్తూ.

గంట కొట్టగానే ఉప్పు అద్దుకుని భూమిని తినేశారు.
మాంటిల్ అంతా మొదటి బెంచీకే సరిపోయింది.

పరీక్షలో అడిగాను:
భూమి నిర్మాణం, బొమ్మ గీసి భాగాలు గుర్తించుము. ఐదు మార్కులు.
న్సిమిరె లోపలి కోర్ గీసింది, బయటి కోర్ గీసింది,
మాంటిల్, ఆపైన పటలం.
పటలం మీద చిన్న గది.
అందులో మూడు రాళ్ళ పొయ్యి, కుండ, మేకుకి గరిటె.
గది మీద పెన్సిల్ అరిగేదాకా రుద్దిన నలుపు.
ఆ నలుపు మీద మా బడి, రేకుల కప్పు,
కిటికీలో కత్తి పట్టుకుని నేను.
బాణం గుర్తు పెట్టి రాసింది:
నాయనమ్మ వంటిల్లు. లోతు మూడు మీటర్లు.

జవాబుల పట్టికలో నాలుగు పొరలే ఉన్నాయి.
ఎక్కువ గీస్తే మార్కు కలపాలో కొయ్యాలో
తనిఖీకి వచ్చిన పెద్దమనిషి చెప్పలేదు.
కాళ్ళకింద చూసుకున్నాను.
నా పెళ్ళికంటే వయసులో చిన్నది ఈ నేల.
ఎర్రగా వీధి దిగి వచ్చి, మమ్మల్ని సరస్సు దాకా తరిమి,
చల్లారి పడుకుంది.
తిరిగొచ్చి దాన్నే సుత్తులతో పగలగొట్టి గోడలు లేపాం.
ఏది తరిమిందో దానికే వీపు ఆనించుకుని
పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

సాయంత్రం బీరేరే సంతకు వెళ్ళాను.
బంగాళాదుంపల బస్తాలతో చెక్కబళ్ళు తోసుకుపోతున్నారు.
ముసలామె ఎండుచేపలు అమ్ముతోంది.
చెయ్యి చీరకుట్టు గుడ్డకు తుడుచుకుని
కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.
చాలాసేపు చూసింది.
ఏడుస్తుందేమో, ఎందుకు తెచ్చానా అనుకున్నాను.

బొటనవేలితో పొయ్యిని నొక్కి
"తప్పు గీసింది పిల్ల" అంది.
"పొయ్యి తలుపుకి ఎడమపక్కన ఉండేది.
ఇటువైపు పెడితే పొగంతా కళ్ళలోకే కదా."

కాగితం మీద చేప పొలుసు ఒకటి అంటుకుంది.
అర మార్కు తగ్గించాను.